‘కస్టమర్ ఇంట్లో లేరు’ అని మీరు రాసుకున్న మాట గురించి

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

నమస్కారం. మీ కంపెనీలో ఈ పేరుతో నిజంగా ఒక మనిషి ఉన్నారన్న నమ్మకంతో రాస్తున్నాను.

మీ వీడియో గేమ్ యంత్రానికి చేత్తో పట్టుకుని ఆడే కంట్రోలర్ చెడిపోయింది. దాని మీదుండే చిన్న పుల్లలాంటి స్టిక్ మీద వేలు పెట్టకపోయినా తెర మీది బొమ్మ తనంతట తాను ఎడమవైపు నడుచుకుంటూ పోతుంది. లోపలి భాగాలు అరిగితే ఇలా అవుతుందని ఆటలాడే వాళ్లందరికీ తెలుసు, మీకు ఇంకా బాగా తెలుసు. వస్తువన్నాక చెడిపోతుంది. నా కోపం దాని మీద కాదు.

మీ హెల్ప్‌లైన్ తెలుగు కోసం నాలుగు నొక్కమంది. నొక్కాను. చాలాసేపు సంగీతం వినిపించాక ఒకబ్బాయి హిందీలో పలకరించాడు. తెలుగు వచ్చినవాళ్లు లేరా అంటే భోజనానికి వెళ్లారన్నాడు. అప్పటికి సాయంత్రం అయిదు దాటింది. నాకొచ్చిన హిందీలోనే చెప్పుకున్నాను. అంతా విని, ‘ఆడేది మీ అబ్బాయేనా? ఒకసారి అతనికి ఫోనివ్వండి’ అన్నాడు. ఆడేది నేనే నాయనా, మావాడికి క్రికెట్ తప్ప ఏదీ పట్టదు అన్నాను. ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి రాత్రిపూట ఆటలాడకూడదని మీ నిబంధనల్లో ఎక్కడైనా ఉంటే చూపించండి.

తర్వాత వచ్చిన అమ్మాయి యంత్రం మొత్తాన్ని రీసెట్ చేయమంది. స్టిక్ అరిగితే ఆటలన్నీ చెరిపేయడం ఎందుకమ్మా అంటే ‘ప్రాసెస్ మేడం’ అంది. చెయ్యనన్నాను. అయితే బిల్లు ఫోటో, సీరియల్ నంబరు ఫోటో, ఒక వీడియో పంపమంది. పంపాను. ఆ తర్వాత మాట్లాడిన ప్రతివారూ అవే మళ్లీ అడిగారు.

చివరికి కొరియర్ అబ్బాయి ఇంటికే వస్తాడన్నారు. విజయనగరం, కోట దగ్గర వీధి అని పిన్‌కోడుతో సహా చెప్పి, కాలేజీకి సెలవు పెట్టి కూర్చున్నాను. సాయంత్రం సందేశం వచ్చింది: ‘కస్టమర్ ఇంట్లో లేరు.’ ఆరా తీస్తే ఆ అబ్బాయి బెంగళూరులోని విజయనగర్‌కు వెళ్లాడట! పూసపాటివారి కోట ఉన్న ఊరినీ, అక్కడి మెట్రో స్టేషన్‌నూ ఒకటి చేసిన ఘనత మీదే. మా పిన్‌కోడు 535తో మొదలవుతుంది, వాళ్లది 560తో. ఇది చెప్పినందుకు ఇంకొకాయన ఇచ్చిన సలహా: ‘అయితే విజయవాడ తీసుకెళ్లండి మేడం, దగ్గరే కదా.’ ఇక్కడి నుంచి విజయవాడ సుమారు 400 కిలోమీటర్లు.

ఈలోగా నా ఫిర్యాదు మూతపడింది. ‘మీ సమస్య పరిష్కారమైంది, ఎన్ని నక్షత్రాలిస్తారు?’ అని అడిగారు. ఒకటిచ్చాను. కారణం రాయమన్నారు. రాశాను. ఎవరూ చదవలేదు. మళ్లీ ఫోను చేస్తే వారంటీ అయిపోయిందన్నారు. మొదటి ఫిర్యాదు గడువు లోపలిదే కదా అంటే ‘ఆ టికెట్ మూసేశారు మేడం’ అన్నారు. ఎవరు మూశారు? ‘సిస్టమ్.’

మీ మొదటి యంత్రాన్ని విశాఖపట్నం వెళ్లి మరీ కొన్నదాన్ని. మా స్టాఫ్ రూములో ఇద్దరి చేత కొనిపించాను. ఆటల చందా రేటు పెంచినా కిమ్మనలేదు. ఆ చందా మాత్రం ఏటా తారీఖు తప్పకుండా నా ఖాతాలోంచే తీసుకుంటున్నారు. దాని కోసం ఎవరూ పొరపాటున కూడా బెంగళూరు వెళ్లలేదు.

కంట్రోలర్ మీ సొంత ఆన్‌లైన్ దుకాణంలోనే కొన్నాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు మీరు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. చాట్‌బాట్ చెప్పే ‘ధన్యవాదాలు’తో ఆ పని అయిపోయిందనుకుంటున్నారేమో. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే కేసు వేయవచ్చు, అయిదు లక్షల లోపు వస్తువుకు రుసుము కూడా లేదు. కాబట్టి మీ వకీలు విజయనగరం జిల్లా వినియోగదారుల కమిషన్‌కే రావాలి. ఆయనకు పిన్‌కోడు సరిగ్గా రాసివ్వండి.

బాగుచేస్తారో, కొత్తది ఇస్తారో మీ ఇష్టం. అంతకంటే ముందు, నేను ఇంట్లో లేనన్న ఆ మాటను మీ రికార్డుల్లోంచి తీసేయండి. తీసేసినట్టు నాకు రాతపూర్వకంగా తెలియజేయండి, తెలుగులో.

బిల్లు, సీరియల్ నంబరు ఫోటో, వీడియో మళ్లీ జతచేస్తున్నాను. ఇంకోసారి అడగకండి.

ఇట్లు,
ఆ రోజంతా ఇంట్లోనే ఉన్న మీ వినియోగదారు,
విజయనగరం