మోల్డోవాది పేదరికం కాదు, దోపిడీ
మోల్డోవా పేరెత్తితే చాలు, ‘యూరప్‌లో నిరుపేద దేశం’ అని రాసి వదిలేస్తున్నారు. అసలు సంగతి దోపిడీ. 2014లో మూడు బ్యాంకుల నుంచి దాదాపు వంద కోట్ల డాలర్లు మాయమయ్యాయి. అంటే జీడీపీలో సుమారు ఎనిమిదో వంతు! ఆ భారాన్ని ప్రభుత్వం బాండ్ల రూపంలో జనం నెత్తిన రుద్దింది. అంతకుముందే, 2006లో రష్యా మోల్డోవా వైన్‌ను నిషేధించి ఎగుమతులను దెబ్బకొట్టింది. మా అబ్బాయి మెడిసిన్ చదివే మోల్డోవా రాజధాని కిషినావ్ వెళ్లినప్పుడు మార్కెట్లో చూశాను: అక్రోట్లు అమ్ముకునే ముసలమ్మలు, పక్కనే మనవళ్లు. పిల్లల అమ్మానాన్నలు ఇటలీలో పనికి వెళ్లారట. యూరోపియన్ యూనియన్‌లో చేరికపై 2024లో చర్చలు మొదలయ్యాయి కాబట్టి, ఇచ్చే నిధులను పోయిన సొమ్ము రికవరీకి, కోర్టుల ప్రక్షాళనకు ముడిపెట్టాలి.
– ఒక పాఠకుడు, గుంటూరు