అన్నం మానేశాడు సరే, గుండె సంగతేంటి?

ఎడిటర్ గారికి నమస్తే.

కాజీపేటలో ఉండే మా బావ నాలుగు నెలల కింద అన్నం, రొట్టె పూర్తిగా బంద్ చేసి మూడు పూటలా గుడ్లు, మటన్, నెయ్యి మీదే ఉన్నాడు. తొమ్మిది కిలోలు తగ్గాడు, షుగర్ దిగింది, ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. మొన్న టెస్టు చేయిస్తే గుండెకు చేటు చేసే చెడు కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్ 190 దాటింది. అక్కకు ఒకటే టెన్షన్.

ఈ డైట్ మొత్తం తప్పని నేననను. మన దేశంలో జనం తినే కేలరీల్లో దాదాపు 62 శాతం పిండిపదార్థాలవేనని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే 2025లో చెప్పింది, మన పళ్లెం చూసినా తెలుస్తుంది, గుట్టంత అన్నం, పక్కన ఇంత పప్పు. తగ్గించాల్సిందే. కానీ ఆ చోట ఏం పెడుతున్నాం? 2018లో 'లాన్సెట్ పబ్లిక్ హెల్త్' అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో, పిండి తగ్గించి మాంసం, జంతువుల కొవ్వు పెంచినవాళ్లలో మరణాలు ఎక్కువగా, పల్లీలు, గింజలు, కూరగాయల వైపు వెళ్లినవాళ్లలో తక్కువగా కనిపించాయి. ఉలవలు, పెసర్లు, బొబ్బర్లు మనకేం కొత్త కాదు కదా!

షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఇది మొదలుపెట్టొద్దు, షుగర్ మరీ పడిపోవచ్చు. మొదలుపెట్టినవాళ్లు తూకంతో పాటు లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల టెస్టు) కూడా చూపించుకోవాలి. దయచేసి మీ వరంగల్ ఎడిషన్‌లో గుండె డాక్టర్లతో దీని మీద వివరంగా రాయించండి.

- ఒక పాఠకురాలు, హనుమకొండ