వెనమ్ చూసే ముందు ఒకసారి చదవండి

అందరికీ నమస్కారం. శనివారం 2018 నాటి వెనమ్ సినిమా చూస్తున్నాం కాబట్టి కామిక్స్ చదవనివాళ్ల కోసం కొన్ని విషయాలు.

కామిక్స్‌లో సింబయోట్, అంటే మనిషి ఒంటికి అతుక్కుని బతికే గ్రహాంతర జీవి, మొదట స్పైడర్‌మ్యాన్ నల్ల సూట్. అతను వదిలించుకున్నాక ఎడ్డీ బ్రాక్ అనే జర్నలిస్టును పట్టుకుంటుంది, అలా వెనమ్ పుడతాడు. ఇద్దరికీ స్పైడర్‌మ్యాన్ మీదే పగ. 1988లో అమేజింగ్ స్పైడర్‌మ్యాన్ 300వ సంచికతో వెనమ్ పూర్తి రూపంలో వచ్చాడు. సినిమాలో స్పైడర్‌మ్యాన్ లేడు, అందుకే ఛాతీ మీద తెల్ల సాలీడు గుర్తు కూడా ఉండదు. పగ తీసేశాక కథకు వేరే ఆధారం కావాలి కదా, దాన్ని 1993 నాటి లీథల్ ప్రొటెక్టర్ కామిక్ నుంచి తెచ్చుకున్నారు: శాన్‌ఫ్రాన్సిస్కో నగరం, లైఫ్ ఫౌండేషన్ అనే సంస్థ అక్కడివే.

విలన్ పాత్ర పలచనే. సినిమాను నిలబెట్టేది ఎడ్డీ, వెనమ్‌ల మధ్య గొడవ. రెండు గొంతులూ టామ్ హార్డీవే. వెనమ్ గొంతు బాగా లోతైన బేస్‌లో ఉంటుంది, కాబట్టి ఫోన్ స్పీకర్‌తో చూడకండి, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.

ఆసుపత్రిలో ఎమ్మారై సీన్ దగ్గర మాత్రం పక్కచూపులు వద్దు. నిప్పు, 4,000 నుంచి 6,000 హెర్ట్జ్ మధ్య శబ్దం వెనమ్‌కు పడవు. ఇది తెలియకపోతే క్లైమాక్స్‌లో ఏం జరిగిందో అర్థం కాదు.

పేర్లు పడుతుండగానే ఆపేయకండి, 2021లో వచ్చిన రెండో భాగానికి విలన్ అక్కడే కనిపిస్తాడు. 2024 నాటి మూడోది మొదలుపెట్టే ముందు స్పైడర్‌మ్యాన్ నో వే హోమ్ సినిమాలో పేర్ల మధ్యలో వచ్చే మిడ్ క్రెడిట్స్ సీన్ చూడాలి. లేదంటే మూడోదాని మొదట్లో ఎడ్డీ బార్‌లో ఎందుకున్నాడో తెలియదు.