404 చూసి కంగారుపడకు

బంగారూ,

రాత్రి నువ్వు పంపిన నీ సైటు లింకు నొక్కితే 404, అంటే 'పేజీ దొరకలేదు' అని వచ్చింది. నీ ల్యాప్‌టాప్‌లో అంత చక్కగా కనిపించిన పేజీ ఏమైపోయిందని నీకు ఒకటే టెన్షన్. కోడంతా తిరగరాస్తానన్నావు. ఆ పని మాత్రం చెయ్యకు, తప్పు అక్కడ లేదు.

గిట్‌హబ్‌లో నీ రిపాజిటరీ, అంటే ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే చోటు, తెరిచి చూశాను. సైటు మొదటి పేజీ అయిన ఇండెక్స్ ఫైలును 'సైట్' అనే ఫోల్డర్‌లో పెట్టావు. సెట్టింగ్స్‌లో మెయిన్ బ్రాంచ్, రూట్ (అన్నిటికంటే పై ఫోల్డర్) ఎంచుకున్నాక, నీ సైటును చూపించే గిట్‌హబ్ పేజెస్ ఆ ఫైలును అక్కడే వెతుకుతుంది. ప్రాజెక్టు గురించి చెప్పే రీడ్‌మీ ఫైలు ఉన్నా కనీసం అదైనా చూపించేది. నువ్వు అదీ రాయలేదాయె! ఫైళ్లన్నీ పైకి తెచ్చి పుష్ చెయ్యి, అంటే గిట్‌హబ్‌కి పంపు. మార్పు కనిపించడానికి ఒక్కోసారి 10 నిమిషాలు పడుతుంది, ఈలోగా మళ్లీ ఏదీ కెలక్కు.

పేజీ వచ్చినా పిల్లి బొమ్మ రాదు, ముందే చెబుతున్నా. కోడులో బొమ్మ ఫైలు పేరు చివర జేపీజీ అని చిన్న అక్షరాల్లో రాశావు, ఫైలు పేరులో మాత్రం పెద్ద అక్షరాలున్నాయి. విండోస్‌కి రెండూ ఒకటే, గిట్‌హబ్ సర్వర్‌కి మాత్రం వేర్వేరు ఫైళ్లు. మామూలుగా పేరు మారిస్తే, మార్పుల్ని నమోదు చేసే గిట్ ఆ తేడా గమనించకపోవచ్చు, అందుకే 'గిట్ ఎంవీ' కమాండ్‌తో మార్చు. పేజీ రంగులూ రూపూ ఉండే స్టైల్ ఫైలు దారికి మొదట్లో ఉన్న స్లాష్ కూడా తీసెయ్. నీ సైటు అడ్రసు చివర రిపాజిటరీ పేరుంటుంది కదా, ఆ స్లాష్ ఉంటే బ్రౌజర్ ఆ పేరును వదిలేసి వెతుకుతుంది.

ఇంకో మాట. ఉచిత ఖాతాలో పేజెస్ కావాలంటే రిపాజిటరీ పబ్లిక్‌గా, అంటే ఎవరైనా చూసేలా, ఉండాల్సిందే. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఏపీఐ కీని, అంటే ఒక సర్వీసును వాడుకోవడానికిచ్చే రహస్య కోడును, ప్రోగ్రాములోనే రాసి పుష్ చేశాను. కాసేపటికి గుర్తొచ్చి, ఆ లైను తీసేసి ఇంకో కమిట్ చేసి (ఆ మార్పును గిట్‌లో భద్రపరిచి) హమ్మయ్య అనుకున్నాను. మర్నాడు పక్క సీటతను పాత కమిట్ తెరిచి, నా కీని నాకే అక్షరం అక్షరం చదివి వినిపించాడు! సిగ్గుతో చచ్చిపోయాను. లైను తీసేసినా చరిత్రలో అది అలాగే ఉంటుంది. వెంటనే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సి వచ్చింది. నీ ప్రాజెక్టులో అలాంటివేవీ లేవు, అయినా కీలను కోడులో రాయకపోవడం అలవాటు చేసుకో.

సరిచేశాక లింకు మళ్లీ పంపు. బొమ్మ కింద పిల్లి గురించి నువ్వు రాసిన వాక్యం కోడులో చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. బొమ్మతో కలిపి ఫోన్లో చూడాలి.

ప్రేమతో,
అమ్మ