ఒకే ప్రశ్న వెనకాల నలభై ఏళ్ళా?

తల్లీ,

రీసెర్చ్‌కి వెళ్తే ఒకే ప్రశ్న పట్టుకుని నలభై ఏళ్ళు కూర్చోవాలేమో, అంత ఓపిక నాకుందా అని మొన్న అడిగావు. ఫోన్‌లో తేలే మాట కాదు, అందుకే రాస్తున్నాను.

క్యాన్సర్ చికిత్సలో పేరున్న అమెరికా సర్జన్ స్టీవెన్ రోజెన్‌బర్గ్ గురించి నువ్వు చదివే ఉంటావు. 1968లో ఆయన ఇంకా సర్జరీ నేర్చుకుంటున్న కుర్రాడు. మసాచుసెట్స్‌లో మాజీ సైనికుల ఆసుపత్రికి ఒకాయన పిత్తాశయం నొప్పితో వచ్చాడు. పాత ఫైలు తీసి చూస్తే పన్నెండేళ్ళ క్రితం అదే మనిషికి కడుపు క్యాన్సర్, కాలేయానికి కూడా పాకింది, ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. ఇప్పుడు పొట్ట తెరిచి వెతికితే క్యాన్సర్ జాడే లేదు! ఇలాంటివి అరుదుగా జరుగుతాయి, చాలామంది డాక్టర్లు ఆశ్చర్యపోయి మర్చిపోతారు. ఈయన మర్చిపోలేదు. ఆ మనిషి రక్తంలో ఏదో ఉందేమోనని అనుమతి తీసుకుని ఇంకో రోగికి ఎక్కించి చూశాడు కూడా. పని చేయలేదు.

1974లో అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థలో సర్జరీ విభాగానికి అధిపతి అయ్యాడు. తర్వాత పదేళ్ళు వైఫల్యాలే అనుకో. రోగుల తెల్లరక్తకణాలు బయటకు తీసి, బలం పోసి మళ్ళీ ఎక్కించడం, ఆ కణాలను ఉసిగొల్పే ఇంటర్‌ల్యూకిన్-2 అనే ప్రొటీన్‌ను మందుగా ఇవ్వడం, ఇలా ప్రయత్నించిన 60 మందికి పైగా రోగుల్లో ఒక్కరికీ ఫలితం రాలేదు. 1984లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ ముదిరిన ఒకామెకు ఇంటర్‌ల్యూకిన్-2 డోసు బాగా పెంచి ఇచ్చారు. ఆ మందుతో రక్తనాళాల్లోంచి నీరు కారి ఊపిరితిత్తుల్లో చేరుతుంది, ప్రాణం మీదకు వస్తుంది. ఆమె తట్టుకుంది, గడ్డలు కరిగిపోయాయి. 

నీ ప్రశ్నకు నేను చెప్పాలనుకున్నది ఇక్కడుంది. ఆమెకి తగ్గింది, చాలామందికి తగ్గలేదు. ఎందుకు? దాంతో గడ్డలోకే చొరబడి ఉన్న టీ కణాలను (రోగాలతో పోరాడే ఒక రకం తెల్లరక్తకణాలు) తీసి, పెంచి వాడారు. మరి ఎక్కించిన కణాలు ఒంట్లో ఎక్కడికి పోతున్నాయి, ఎన్నాళ్ళు బతుకుతున్నాయి? అది తెలుసుకోవడానికే 1989లో ఆ కణాల్లోకి బయటి జన్యువు ఒకటి పెట్టారు. అనుమతి తీసుకుని మనిషి ఒంట్లోకి అలా జన్యువు పంపడం అదే మొదటిసారి, కానీ అది రోగం తగ్గించే జన్యువు కాదు, గుర్తు కోసం పెట్టిన ముద్ర మాత్రమే. నాకు ఆయన పనిలో అన్నిటికంటే నచ్చింది ఇదే. క్యాన్సర్‌ని గుర్తుపట్టే జన్యువునే టీ కణంలో పెట్టి మెలనోమా రోగులకు ఇచ్చిన ఫలితాలు 2006లో గానీ రాలేదు, అదీ 17 మందిలో ఇద్దరికే పని చేసింది. అంటే ఆయన ఒకే ప్రశ్న మీద కూర్చోలేదమ్మా, ప్రతి జవాబు కిందా ఇంకో ప్రశ్న బయటపడుతూ వచ్చింది. నీకు బోర్ కొడుతుందన్న భయం నాకు లేదు.

నా భయం వేరే. 1999లో జెస్సీ గెల్సింగర్ అనే 18 ఏళ్ళ అబ్బాయి జీన్ థెరపీ (ఒంట్లోకి జన్యువు పంపి చేసే చికిత్స) ట్రయల్‌లో చనిపోయాడు. అది క్యాన్సర్ కాదు, కాలేయానికి సంబంధించిన జన్యు లోపం, మందులూ ఆహార నియమాలతో నెట్టుకొస్తున్న పిల్లాడు. జన్యువుని మోసుకెళ్ళడానికి వాడిన వైరస్ మీద వాడి శరీరం విపరీతంగా తిరగబడింది. తర్వాత విచారణలో నియమాలు పాటించలేదని తేలింది, పరిశోధకుడికి సంబంధిత కంపెనీలో వాటా ఉందనీ బయటపడింది. దాంతో ఈ రంగం మొత్తం చాలా ఏళ్ళు వెనక్కి పోయింది. నీ వయసు పిల్లలు 2017 నుంచి మొదలుపెట్టి చదువుతారు, ఆ ఏడు కార్-టీ చికిత్సలకు, అంటే క్యాన్సర్‌ని గుర్తుపట్టేలా జన్యువు పెట్టి మార్చిన టీ కణాలకు, అమెరికాలో అనుమతి వచ్చింది కాబట్టి అంతా సంబరంగా కనిపిస్తుంది. కానీ రక్త క్యాన్సర్లలో అంత బాగా పనిచేసే ఈ కణాలు ఊపిరితిత్తులు, క్లోమం లాంటి చోట్ల గట్టి గడ్డల దగ్గర ఇంకా తడబడుతూనే ఉన్నాయి. నువ్వు అడుగుపెట్టేది అక్కడే. కాబట్టి నీ చేతుల మీదుగా ట్రయల్‌లో చేరినవాళ్ళలో చాలామందికి తగ్గదు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు నీ మొహం వైపే చూస్తారు. ఓపిక ఉందా అని కాదు, దీనికి సిద్ధంగా ఉన్నానా అని నిన్ను నువ్వే అడుగు.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు పేపర్లు ఎన్ని వచ్చాయో చూడకు. అక్కడివాళ్ళు వార్డులోకి వెళ్తారా, ట్రయల్‌లో ఎవరికైనా వికటిస్తే ఆ రోజు ఎవరు ఎవరికి చెబుతారు, చికిత్స పని చేయని రోగుల శాంపిళ్ళు దాచిపెడతారా పారేస్తారా, ఇవి అడుగు. బాస్‌ని కాదు, అక్కడ మూడో ఏడు చదువుతున్న పిల్లల్ని పక్కకి పిలిచి అడుగు, నిజం వాళ్ళే చెబుతారు. ఏం చెప్పారో ఆదివారం ఫోన్ చేసి చెప్పు, అమ్మ కూడా వింటానంటోంది.

నాన్న