మత్సుయి లెక్కలో సగం ఎందుకు కొట్టేశారు?

సంపాదకుడికి,

నమస్కారం. బేస్‌బాల్ ఆటగాడు ఇచిరో సుజుకిని అమెరికాలో బేస్‌బాల్ మేటి ఆటగాళ్లకు చోటిచ్చే కూపర్స్‌టౌన్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకున్నప్పుడు మీరు వేసిన వార్త కత్తిరించి దాచుకున్నాను. 2025 జనవరిలో ఓటేసిన 394 మంది క్రీడా రచయితల్లో 393 మంది ఆయన పేరు రాశారు. ఆసియాలో పుట్టిన ఆటగాడికి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. ఇక జపాన్ లీగ్‌లో ఆడిన ఆటకు కూడా అమెరికా విలువ ఇచ్చినట్టేనని నా స్నేహితులు చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. ఇచిరో ఒక్క అమెరికాలోనే 3,089 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరడం) కొట్టాడు. జపాన్‌లో కొట్టిన 1,278 హిట్లు పూర్తిగా పక్కన పెట్టినా ఆయన గెలిచేవాడే. కాబట్టి జపాన్ ఆటకు విలువ ఎంత అన్న ప్రశ్న ఆ ఎన్నికలో అసలు రానే లేదు.

ఆ ప్రశ్న వచ్చింది 2018లో, హిడెకి మత్సుయి దగ్గర. టోక్యో జట్టు యోమియురి జయంట్స్ తరఫున పది సీజన్లలో 332 హోమ్ రన్లు (క్రికెట్‌లో సిక్సర్ లాంటివి) కొట్టి, మూడుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా నిలిచి, ఆ తర్వాత అమెరికాలో పది సీజన్లలో మరో 175 కొట్టినవాడు. ఓటేసినవాళ్లు 422 మంది. ఆయనకు పడినవి 4 ఓట్లు. అయిదు శాతం ఓట్లు రాకపోతే మరుసటి ఏడాది ఓటు జాబితాలో పేరే ఉండదు కనుక మొదటి ఏడాదే ఆయన కథ ముగిసిపోయింది. అంతకు ముందు 2014లో జపాన్ పిచ్చర్ (బంతి విసిరేవాడు) హిడియో నోమోకీ ఇదే జరిగింది, 571 మందిలో 6 ఓట్లు. 1995లో నోమో వెళ్లి నిలదొక్కుకోకపోతే, ఆ వెనక ఇంతమంది జపాన్ ఆటగాళ్లు అమెరికా దారి పట్టేవాళ్లా?

మత్సుయి గురించి ఇంత పట్టుగా రాయడానికి కారణం ఉంది. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నాను. 2009 నవంబర్ 4 రాత్రి అమెరికా బేస్‌బాల్ ఫైనల్ పోరు అయిన వరల్డ్ సిరీస్ ఆరో ఆట చూడడానికి మా ఆఫీసులో పనిచేసే జపాన్ మిత్రుడు మా ఫ్లాట్‌కి వచ్చాడు. చేతిలో చిన్న నోట్‌బుక్కు, పెన్సిలు. ఎడమ పేజీలో మత్సుయి జపాన్ హోమ్ రన్లు ఏడాదివారీగా, కింద 332. కుడి పేజీలో అమెరికాలో ఆయన జట్టు న్యూయార్క్ యాంకీస్‌కు కొట్టిన హోమ్ రన్లు, కింద 140. ఆ రాత్రి రెండో ఇన్నింగ్స్‌లో ఎదుటి జట్టు పిచ్చర్ పెడ్రో మార్టినెజ్ బంతిని మత్సుయి స్టాండ్స్‌లోకి పంపాడు. యాంకీస్ చేసిన 7 పరుగుల్లో 6 ఆయన బ్యాటు చలవే. జట్టు కప్పు గెలిచింది, సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు ఆయనే. మా మిత్రుడు చప్పుడు చేయలేదు. ఇది సీజన్ లెక్కలోకి రాదు కదా అని, రెండు పేజీల మధ్య కుట్టు మీద ఒక చిన్న గీత గీసి పెట్టుకున్నాడు. ఆ గీత నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది.

ఎడమ పేజీని కుడి పేజీతో సమానంగా చూడమని నేను అనను. జపాన్‌లో సీజన్ చిన్నది, బంతి కూడా కాస్త చిన్నది, పిచ్చర్ల స్థాయిలో తేడా ఉంది. మత్సుయి అంకెలే ఆ మాట చెబుతాయి. 2002లో టోక్యోలో 50 హోమ్ రన్లు కొట్టినవాడు 2003లో న్యూయార్క్‌లో 16 దగ్గరే ఆగాడు. మరుసటి ఏడాది 31 కొట్టాడు. అంటే తరుగు తీయాలి. ఎంత తీయాలో చెప్పడానికి ఇప్పుడు రెండు లీగ్‌లలోనూ ఆడినవాళ్లు బోలెడుమంది ఉన్నారు. తరుగు తీయడం న్యాయం. బస్తా మొత్తం అవతల పారేయడం ఏం న్యాయం?

పైగా జపాన్‌లో అన్నేళ్లు ఉండడం పూర్తిగా ఆటగాడి చేతిలో ఉండదు. జట్టు తనంతట తాను వదిలితే తప్ప, తొమ్మిది సీజన్ల సర్వీసు నిండేదాకా అతను ఇష్టప్రకారం విదేశానికి వెళ్లలేడు. అమెరికా చేరేసరికి మత్సుయికి 28 ఏళ్లు. మంచి వయసంతా టోక్యోలో గడిచాక, కూపర్స్‌టౌన్ గడియారం ఆ రోజు నుంచే తిరగడం మొదలుపెట్టింది.

లెక్క మార్చుకోవడం అమెరికాకు చేతకాని పనేమీ కాదు. నల్లజాతి ఆటగాళ్లను వెలివేసిన కాలంలో నడిచిన నీగ్రో లీగ్‌ల గొప్పవాళ్లకూ చోటివ్వాలని 1966లో మేటి బ్యాటర్ టెడ్ విలియమ్స్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో తన సన్మాన వేదిక మీదే అడిగాడు. 1971లో ఆ లీగ్‌ల పిచ్చర్ సాచెల్ పేజ్‌ను తీసుకున్నారు. ఆ లీగ్‌ల అంకెలు 2024లో అమెరికా అగ్రశ్రేణి మేజర్ లీగ్ రికార్డుల్లో కలిశాయి, కెరీర్ బ్యాటింగ్ సగటులో నీగ్రో లీగ్‌ల ఆటగాడు జోష్ గిబ్సన్ అందరికంటే పైకి వచ్చాడు. ఆ జాతి వివక్షనూ ఈ సంగతినీ ఒకే గాటన కట్టను. ఆ గాయం వేరు. కానీ చిన్న సీజన్లు, దొరకని స్కోరు కాగితాలు ఉన్నా కూర్చుని లెక్క తేల్చారు. జపాన్ లెక్కలైతే ప్రతి ఆటకీ ఉన్నాయి.

క్రికెట్‌లోనూ చూడండి. దక్షిణాఫ్రికా బహిష్కరణ వల్ల బ్యారీ రిచర్డ్స్ ఆడింది నాలుగే టెస్టులు. ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ను 2009లోనే తీసుకుంది. నాలుగు టెస్టులు చూసి తీసుకున్నారా? హాంప్‌షైర్‌లో, నటాల్‌లో, సౌత్ ఆస్ట్రేలియాలో ఆయన ఆడిన ఆట చూడబట్టే కదా!

నా మటుకు మత్సుయి అర్హుడే. రచయితల ఓటు దాటిపోయినవాళ్లను పరిశీలించే 16 మంది కమిటీ ఒకటి ఉంది, పన్నెండు మంది ఒప్పుకుంటే చాలు. ఆయన పేరు ఎప్పుడైనా వాళ్ల ముందుకు వస్తే రెండు పేజీలూ తెరిచి చూడాలి. రేపు జపాన్ పిచ్చర్ యు డార్విష్ వంతు వస్తుంది. జపాన్‌లో 93 విజయాలు, అమెరికాలో వందకు పైగా. ఆ వార్త వేసే రోజున మీ క్రీడా పేజీలో దయచేసి రెండు అంకెలూ పక్కపక్కన అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
గుంటూరు