ప్లానుకన్నా ముందు మట్టి

సంపాదకులకు,

కొత్తిల్లు కట్టేవాళ్లు ఆర్కిటెక్టు దగ్గరికి వాస్తు కాగితం పట్టుకెళ్తారు గానీ, మట్టి పరీక్ష రిపోర్టు పట్టుకెళ్లరు. మన డెల్టాలో చాలాచోట్ల ఉన్న నల్లమట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంగుతుంది. కిటికీ మూలల నుంచి గోడలు ఏటవాలుగా బీటలిచ్చేది అందుకే. అలాంటి చోట అండర్ రీమ్డ్ పైల్స్ (నేలలోకి లోతుగా దిగి, అడుగున వెడల్పయ్యే కాంక్రీటు స్తంభాలు) వేసి, వాటిపై గోడలను మోసే ప్లింత్ బీము అడుగున 3 అంగుళాల ఖాళీ వదలాలి. మేస్త్రీ దాన్ని మట్టితో పూడ్చేస్తే, ఉబ్బిన నేల బీమును ఎత్తేస్తుంది, పైల్స్ ఖర్చు దండగ.

రోడ్డు మీద రోడ్డు వేస్తూనే ఉంటారు కాబట్టి ఇంటి మట్టం రోడ్డుకన్నా 3 అడుగులైనా ఎత్తుండాలి. బోరుకు, సెప్టిక్ ట్యాంకుకు మధ్య 50 అడుగుల దూరం ముందు గుర్తించి, ఆ తర్వాతే వంటిల్లు, బాత్రూములు సర్దమనండి. చిన్న స్థలంలో దిక్కులూ దూరమూ రెండూ కుదరకపోతే దూరానికే ఓటు.

– ఒక సివిల్ ఇంజినీరు, అమలాపురం